ఏడో గాడికి ఒక రాయి

ఆ రోజు ఉదయానికి ఫలకాల గుమస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి. నీలం చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. తొమ్మిదింటికల్లా కాలువ వంపు దగ్గర ఉండాలి. పదింటికి డైరెక్టరుగారు వస్తారు, మూడు ఫలకాలూ తనిఖీ చేస్తారు, ఒంటిగంటకు ఒక కాగితం మీద సంతకం పెడతారు. ఆ సంతకం పడితే పన్నెండేళ్ళుగా తాత్కాలికంగా ఉన్న గుమస్తా పర్మనెంటు అవుతాడు. ఇందులో కష్టమైన పని ఇస్త్రీ ఒక్కటేనని అతను అనుకున్నాడు.

రోడ్ల శాఖ కార్యాలయంలో మెట్ల కింద ఒక గది ఉంది. తలుపు మీద చారిత్రక ఫలకాల విభాగం అని రాసి ఉంటుంది. విభాగమంటే గుమస్తా, ఒక బల్ల, ఒక ఫ్యాను, అది తిరగనప్పుడు పొడవడానికి ఒక స్కేలు. దారిన పోయేవాళ్ళు బండి పక్కన ఆపుకుని, నీళ్ళు తాగుతూ, ఈ కాలువ ఫలానా ఏడు తవ్వారనీ, అదిగో ఆ శిఖరం ఇంత ఎత్తనీ, ఈ కూలిన గోడ ఒకప్పటి మొదటి టోలు గేటనీ చదువుకుంటారు కదా, ఆ ముక్కలు రాసేది ఇతనే. రాసినవాడి పేరు ఫలకం మీద ఎక్కడా ఉండదు. తప్పు రాస్తే మాత్రం ఫైల్లో ఉంటుంది.

ఈ ఉద్యోగంలో చరిత్రతో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా గాడులతోనే. ఏ కాలంలోనో ఎవరో మహానుభావుడు ఇనుప చట్రాలు ఒక్కసారే టోకున చేయించి గోదాములో పడేశాడు. చట్రానికి ఏడు గాడులు. అక్షరాలు చెక్కిన రేకు పట్టీని ఒక్కో గాడిలోకి తోస్తే ఒక్కో లైను అవుతుంది. పట్టీ లేని గాడిలో కందిరీగలు కాపురం పెడతాయి. ఒకసారి శ్రద్ధగా చదువుతున్న ఒక లెక్కల మాస్టారిని ముక్కు మీద కుట్టాయి. ఆయన ఆ వాచిన ముక్కు ఫోటో జతచేసి పై దాకా ఫిర్యాదు రాశాడు. పైనుంచి ఉత్తర్వు దిగింది: ఏ ఫలకంలోనూ ఏ గాడీ ఖాళీగా ఉండరాదు. అప్పటినుంచీ చరిత్ర ఎంతున్నా ఏడు లైన్లే. ఎక్కువైతే కోస్తారు. తక్కువైతే ఏం చేస్తారన్నది ఆ గదిలో ఎవరూ పైకి అనరు.

కాలువ ఫలకానికి చరిత్ర ఆరు లైన్ల దగ్గర అయిపోయింది. పొడవు, తవ్విన కాలం, తవ్విన మనుషుల సంఖ్య, మొదటి నీళ్ళు వదిలిన రోజు, తడిసిన ఊళ్ళు, నీటి మట్టం సర్దే లాకు తలుపులకు వాడిన కలప. ఏడో గాడి నోరు తెరుచుకుని ఉంది. పట్టీలు చెక్కేవాడు గుమ్మంలో నిలబడి అరగంటగా గడియారం చూసుకుంటున్నాడు. గుమస్తా కాసేపు కిటికీలోంచి చూసి, ఎవరికీ ఏ హానీ చేయని లైను ఒకటి రాసి అతని చేతిలో పెట్టాడు: "కాలువ కొలతలు వేసిన ఇంజనీరు రోజూ ఈ రాతి మీద కూర్చుని భోజనం చేసేవాడు." ఇంజనీరన్నాక తినకుండా ఉండడు. తినేటప్పుడు ఎక్కడో ఒకచోట కూర్చోకుండా ఉండడు. కాలువ వంపులో అసలు రాయే లేదన్న సంగతి అప్పుడతనికి అంత ముఖ్యంగా తోచలేదు.

తనిఖీ రోజు ఉదయం ఏడింటికి ఫోను మోగింది. అతను అప్పటికి చొక్కా ఇస్త్రీలో రెండో చేతి దాకా వచ్చాడు. చేసింది సూపరింటెండెంటు.

"డైరెక్టరుగారు నిన్న నీ ఫైలు ఇంటికి పట్టుకెళ్ళి చదివారయ్యా. కాలువ ఫలకంలో ఏడో లైను ఆయనకి తెగ నచ్చినట్టుంది. మూడుసార్లు ఫోన్ చేశారు."

"మూడుసార్లాండీ?"

"ఆ రాయి ఎక్కడుంది, ఎలా ఉంది, తను చూడాలి, ఇదే మాట. సరే రాయి పక్కన నిలబెట్టి ఫోటో తీస్తానని చెప్పాను. ఇంకోటి. ఆ లాకు దగ్గర పనిచేసిన పాతవాళ్ళెవరన్నా బతికున్నారా అని అడిగారు. మీ మామగారు ముప్పై ఏళ్ళకు పైగా చేశారుగా, ఆయన్ని ప్రత్యక్ష సాక్షిగా రప్పిస్తున్నానని చెప్పేశాను. నీకే మంచిది."

గుమస్తా ఫోను పెట్టేసేలోపు ఇస్త్రీపెట్టె చొక్కా చేతి మీద తన ఆకారం తాను అచ్చుగుద్దుకుంది.

కాలిన వాసనకు భార్య వచ్చింది. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. రాయి లేకపోతే లేదని చెప్పేయమంది. చెబితే ఫలకం తప్పవుతుంది, ఫలకం తప్పయితే సంతకం ఉండదు, ఈ నెలాఖరుకి డైరెక్టరు రిటైరవుతాడు, రాబోయే ఆయన ఈ ఫలకాలు ఎవరూ చదవరు, విభాగమే దండగ అని ఇప్పటికే అందరితోనూ అంటున్నాడు. కాబట్టి ఇవాళ పడని సంతకం ఇక పడదు. ఇదంతా అతను ఒక్క ఊపిరిలో చెప్పాడు. భార్య గోడవైపు చూసింది. ఆ గోడకు అవతల ముందుగదిలో ఆమె తండ్రి పడుకుంటాడు; ఎవరైనా వీధి తలుపు తీస్తే అది ఆయన కాళ్ళకు తగులుతుంది. పర్మనెంటు అయితే శాఖవాళ్ళు రెండు పడకగదుల క్వార్టరు ఇస్తారు. ఆ రెండో గదిలో నాన్న మంచం ఏ గోడకు వేయాలో ఆమె ఎప్పుడో నిర్ణయించుకుంది.

"తమ్ముడికి ఫోన్ చేయండి" అంది.

తమ్ముడంటే గుమస్తాకు బామ్మర్ది. రోడ్ల మీద పడిపోయిన బళ్ళను ఎత్తే క్రేను లారీ నడుపుతాడు. ఏ పనికీ కాదనడు. అదే అతనితో వచ్చిన చిక్కు. ఆ సమయానికి ఘాట్ రోడ్డు మీదనుంచి ఖాళీగా దిగుతున్నాడు.

"కూర్చోవడానికి వీలుగా, పైన చదునుగా ఉండాలి. పాతదానిలా కనిపించాలి" అని చెప్పాడు గుమస్తా.

"రాయేగా బావా. దార్లో చూసుకొస్తా. తొమ్మిదింపావుకి అక్కడుంటా."

ఇక మిగిలింది మామగారు. ఆయన సంగతి వేరు. లాకు కాపలాదారుగా కాలువ వంపులో ప్రతి గులకరాయినీ ఎరిగిన మనిషి. పైగా అబద్ధం ఆడడు. కూతురు వండింది బాగా లేకపోతే బాగా లేదనే తింటాడు. ఆయన రిటైరైన రోజు తాళాలూ గొడుగూ టార్చిలైటూ అన్నీ అప్పగించాడుగానీ, లాకు రిజిస్టరొకటి మాత్రం అప్పగించనని భీష్మించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగితే ఆ కథ మొదలవుతుంది. ఆయనకు ఉన్నది ఒకటే కథ. భోజనాల దగ్గర "మా లాకు దగ్గర జరిగిన సంగతి చెప్తా వినండి" అనేసరికి కూతురికి పొయ్యి మీద ఏదో గుర్తొస్తుంది, కొడుక్కి ఫోను వస్తుంది, అల్లుడు చేయి కడుక్కోవడానికి లేస్తాడు. గుమస్తా అల్లుడైన ఈ పద్నాలుగేళ్ళలో ఆ కథ చివరిదాకా విన్నవాళ్ళు లేరు.

ఎండ ఎక్కువగా ఉంటుందని అల్లుడు చెప్పి చూశాడు. పిలిచారు కాబట్టి వెళ్ళాల్సిందేనన్నాడు మామగారు. అప్పటికే ఆయన చొక్కా గుండీలు పెట్టుకుని, రిజిస్టరు గుడ్డసంచిలో వేసుకున్నాడు. గుమస్తా భార్యను వంటింట్లోకి పిలిచి, ఆయన్ని ఎంత ఆలస్యం చేయగలిగితే అంత ఆలస్యం చేయమని బతిమాలాడు. ఆమె కాసేపు ఆలోచించి తండ్రి కళ్ళజోడు తీసి పప్పుల డబ్బాలో దాచింది. ఆ తర్వాత ఆ రోజంతా ఆమెకు తప్పు చేసినట్టుగానే ఉంది.

కాలిన చేయి కనబడకుండా మోచేతి పైకి మడిచి, సరిసమానంగా ఉండాలని రెండోదీ మడిచి, గుమస్తా తొమ్మిదింటికి వంపు దగ్గరికి చేరాడు. కాలువ నిండుగా పారుతోంది. ఫలకం కొత్త రంగుతో మెరుస్తోంది. ఏడో లైను మిగతా ఆరింటికన్నా స్పష్టంగా కనిపిస్తోంది. దాని కింద రెండడుగుల మేర నున్నటి నేల, దాని మీద ఒక చీమ.

తొమ్మిదింపావుకి అన్న మాట ప్రకారం బామ్మర్ది వచ్చాడు. క్రేను గొలుసుకు రాయి వేలాడుతోంది. చూడగానే గుమస్తాకు నెత్తిన పాలు పోసినట్టయింది. మోకాలి ఎత్తు, పైన చదును, ఒక మూల పెచ్చు ఊడి ఉంది, వందేళ్ళుగా ఇంజనీర్లు కూర్చుంటున్నట్టే ఉంది. ఫలకం కింద దించారు. నిజంగా అక్కడే పుట్టినట్టు కుదురుకుంది. బామ్మర్ది భుజం తట్టబోయి గుమస్తా రాయి పైభాగం చూశాడు. ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది.

రాయి మీద రెండు పసుపుపచ్చని పాదాలున్నాయి.

"ఇదెక్కడిది?" అన్నాడు.

"పైన, శిఖరం చూసే చోట. రోడ్డు పక్కనే ఉంది బావా. చుట్టూ కంకర పోసి చదును కూడా చేశారు, క్రేను నిలపడానికి ఎంత హాయిగా ఉందో. కింద సిమెంటు కూడా లేదు. ఎవరు పెట్టారోగానీ పుణ్యాత్ములు."

"దాని పక్కన ఫలకం లేదూ?"

"ఉంది. నువ్వు రాసినవి నేనెప్పుడు చదివాను?"

శిఖరం ఫలకం గుమస్తా రాసింది కాదు. అతను ఉద్యోగంలో చేరకముందునుంచీ ఉంది. దాని ఏడో లైను మాత్రం అతనికి కంఠతా వచ్చు: "ఈ రాతి మీద నిలబడితే మూడు శిఖరాలూ ఒక్కసారే కనిపిస్తాయి." రాయి ఎక్కకపోతే మూడోది పొదల వెనక దాక్కుంటుంది. ఎలా నిలబడాలో జనానికి తెలియాలని రాయి మీద పాదాలు గీశారు. తనిఖీ వస్తోంది కాబట్టి ఆ పాదాలకు కొత్త రంగు వేయించమని నిన్న మధ్యాహ్నం ఉత్తర్వు రాసింది ఈ గుమస్తానే. వేలితో తాకి చూశాడు. ఇంకా ఆరలేదు.

డైరెక్టరు పదింటికి ఇక్కడుంటాడు. పదకొండున్నరకు శిఖరం దగ్గరుంటాడు. రాయి రెండుచోట్లా ఉండాలి. ఇప్పుడే వెనక్కి పంపిస్తే ఇక్కడ రాయి లేదు. పంపకపోతే అక్కడ లేదు. వేరే రాయి వెతకడానికి వ్యవధి లేదు. బామ్మర్దికి మాత్రం ఇందులో పెద్ద కష్టమేమీ కనిపించలేదు. వాళ్ళు ఫోటో తీసుకుని పక్కనే ఉన్న లాకు కాపలా గదిలో టీ తాగుతారు కదా, ఆ ఇరవై నిమిషాల్లో రాయిని ఎత్తి అడ్డదారిన కొండ ఎక్కించేస్తానన్నాడు. పాదాల మీద గట్టు మన్ను రెండు దోసిళ్ళు చల్లాడు. పచ్చి రంగుకు మన్ను బాగానే పట్టింది. రెండడుగుల దూరంనుంచి చూస్తే ఏదో నాచు పట్టినట్టుంది.

"ఎవర్నీ దీని మీద కూర్చోనీకు బావా, చాలు" అని, క్రేను తీసుకెళ్ళి చెట్ల వెనక నిలబెట్టాడు.

పదింటికి రెండు నిమిషాలుండగా కారు వచ్చింది. ముందు సూపరింటెండెంటు దిగి తలుపు తీశాడు. డైరెక్టరు దిగాడు. నున్నటి తల, తెల్లటి ప్యాంటు, చేతిలో ఫైలు. ఆ ఫైల్లో పై కాగితం ఏదో గుమస్తాకు తెలుసు. నమస్కారం పెట్టాడు. డైరెక్టరు చూడలేదు. ఫలకాన్ని కూడా చూడలేదు. తిన్నగా రాయి దగ్గరికి నడిచి ఆగిపోయాడు.

చుట్టూ ఒకసారి తిరిగాడు. రెండోసారి తిరిగాడు. పెచ్చు ఊడిన మూల దగ్గర వంగి చూశాడు. ముఖంలో రక్తం లేదు. ఈయన రాళ్ళ గురించి చదువుకున్నవాడేమో, ఇది కొండరాయని తేల్చేశాడేమో అనుకున్నాడు గుమస్తా.

"ఈ లైను మీకెవరు చెప్పారు?" అన్నాడు డైరెక్టరు. గొంతు చాలా మెల్లగా ఉంది.

గుమస్తా పాత రికార్డుల్లో ఉందనబోయి, ఏ రికార్డని అడుగుతాడని ఆగాడు. పెద్దలు చెప్పుకుంటారనబోయి, ఏ పెద్దలని అడుగుతాడని ఆగాడు. ఈలోగా డైరెక్టరుకు ఏమైందో, వెనక్కి జరిగి, ఎవరూ ఆపేలోపే, ఆ రాతి మీద కూర్చుండిపోయాడు.

సూపరింటెండెంటు మురిసిపోయాడు. "అచ్చం ఇంజనీరుగారు కూర్చున్నట్టే ఉంది సార్" అంటూ ఫోటో తీశాడు. డైరెక్టరు విసుగ్గా లేచి అటు తిరిగాడు. సూపరింటెండెంటు ఫోను దించేశాడు. తెల్లటి ప్యాంటు వెనక భాగాన రెండు పసుపుపచ్చని పాదాలు, వేళ్ళతో సహా, శుభ్రంగా పడ్డాయి. గుమస్తా, సూపరింటెండెంటు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అధికారికి అలాంటి సంగతి ఏ పద్ధతిలో తెలియజేయాలో ఏ ఉత్తర్వులోనూ లేదు.

అప్పుడే గట్టు మీద ఆటో ఆగింది. భార్య దిగింది, తండ్రి చేయి పట్టుకుని దించింది. నావల్ల కాలేదన్నట్టు దూరంనుంచే భర్తకు తల అడ్డంగా ఊపింది. కళ్ళజోడు దొరకకపోతే ఆయన, కాలువకు దారి చూడటానికి నాకు కళ్ళజోడెందుకని బయల్దేరాడట.

మామగారు సంచి చంకన పెట్టుకుని, నీళ్ళ చప్పుడు వింటూ, తిన్నగా వంపు దగ్గరికి వచ్చాడు. సూపరింటెండెంటు ఆయన్ని పరిచయం చేసి, అసలు ప్రశ్న కూడా తానే అడిగేశాడు: ఈ రాతిని మీరు ఎరుగుదురా అని. డైరెక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. గుమస్తా కళ్ళు మూసుకున్నాడు.

మామగారు వంగి రాతిని చేత్తో తడిమాడు. పక్కలు తడిమాడు. పెచ్చు ఊడిన మూల దగ్గర చేయి ఆగింది. చాలాసేపు ఆగింది.

"ఎరుగుదును. ఇది ఇక్కడిదే" అన్నాడు.

గుమస్తా కళ్ళు తెరిచాడు. ముందు ఊపిరి వచ్చింది. దాని వెనకే దుఃఖం వచ్చింది. కూర బాగుందని కూడా అబద్ధం ఆడని మనిషి, ఈ వయసులో, పరాయివాళ్ళ ముందు, తనకోసం అబద్ధం ఆడుతున్నాడు. ఆ మంచం, కాళ్ళకు తగిలే ఆ తలుపు గుర్తొచ్చాయి. పన్నెండేళ్ళు ఆగినవాడు ఇంకో పది నిమిషాలు నోరు మూసుకుంటే సరిపోయేది. అతనివల్ల కాలేదు.

"మీరు నాకోసం అబద్ధం చెప్పొద్దు మామయ్యా" అన్నాడు. తర్వాత డైరెక్టరు వైపు తిరిగాడు. "ఇక్కడ రాయి ఎప్పుడూ లేదండీ. ఏడో గాడి ఖాళీగా ఉంటే నేనే కల్పించి రాశాను. దీన్ని పొద్దున శిఖరం దగ్గర్నించి తెప్పించాను. ఆ రంగు... అదీ నేనే వేయించాను."

ఏ రంగని డైరెక్టరు అడగలేదు. భార్య కొంగుతో మొహం తుడుచుకుంది. సూపరింటెండెంటు పన్నెండేళ్ళ పరిచయాన్ని ఒక్క అడుగు దూరం జరిపాడు. చెట్ల వెనకనుంచి బామ్మర్ది తొంగిచూసి మళ్ళీ వెనక్కి వెళ్ళాడు.

మామగారికి మాత్రం కోపం వచ్చింది. "నేనెందుకు అబద్ధం చెప్తాను?" అన్నాడు. సంచిలోంచి రిజిస్టరు తీశాడు. కళ్ళజోడు లేకపోయినా పేజీ దానంతటదే తెరుచుకుంది. అన్నిసార్లు తెరిచిన పేజీ అది. "చదవమ్మా" అని కూతురికిచ్చాడు.

ఆమె చదివింది. ముప్పైయొక్క ఏళ్ళ కిందటి తేదీ. లాకు వంపునుంచి బయటికి వెళ్ళిన వస్తువు: రాయి ఒకటి, పైన చదును, ఈశాన్య మూల పెచ్చు ఊడినది. తీసుకెళ్ళినవారు: ఫలకాల గుమస్తా. కారణం: శిఖరం ఫలకంలో ఏడో లైను కోసం. తిరిగి ఇచ్చేది: పదిహేను రోజుల్లో. పక్కన, తిరిగి వచ్చినట్టు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

"కింద సంతకం ఉంది. పేరు చదవడం కుదరట్లేదు" అంది.

చదవడం కుదరకపోతే సాయం చేద్దామని సూపరింటెండెంటు ఫోను రాతి మీద పెట్టి వంగాడు. రోజుకు ఇరవై కాగితాల మీద చూసే సంతకం అది. నెమ్మదిగా నిటారుగా అయ్యి, కాలువలో నీళ్ళు ఎటు పారుతున్నాయో శ్రద్ధగా గమనించడం మొదలుపెట్టాడు.

"మూడు ఫిర్యాదులు రాశాను. జవాబు లేదు" అన్నాడు మామగారు. "ఇది మూయకుండా పుస్తకం ఎలా అప్పగిస్తాను? ఆ కుర్ర గుమస్తా ఇప్పుడెక్కడున్నాడో ఏమో."

డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. "తిరిగి ఇద్దామనే అనుకున్నానండీ" అన్నాడు.

మామగారు తల పక్కకు వంచి విన్నాడు. మసకబారిన కళ్ళతో ఆ నున్నటి తలవైపు చూశాడు. "మనిషి ఎలా మారాడో నాకు కనబడదుగానీ, గొంతు అదే" అన్నాడు.

డైరెక్టరు సూపరింటెండెంటును టీ సంగతి చూడమని పంపించాడు. అతను ఎంత వేగంగా వెళ్ళాడంటే ఫోను రాతి మీదే మర్చిపోయాడు. అప్పుడు డైరెక్టరు గుమస్తాతో, ఫైల్లో ఆ ఏడో లైను చదివిన దగ్గర్నించీ తనకు అన్నం సహించలేదని చెప్పాడు. తను చేసింది ఎవరో తవ్వి తీశారు, రిటైరయ్యే నెలలో ఫలకం మీదకెక్కించారు అనుకున్నాడట. రాయి ఎక్కడుంది, పాతవాళ్ళు ఎవరున్నారు అని మూడుసార్లు ఫోన్ చేసింది అందుకేనట. తన కాలంలో కూడా చరిత్ర ఆరు లైన్లకే వచ్చేదన్నాడు. అది మాత్రం ఒక గుమస్తా ఇంకో గుమస్తాతో చెప్పినట్టే చెప్పాడు.

ఫైలు తెరిచి, పై కాగితం మీద సంతకానికి కలం తీశాడు. మధ్యలోకి రిజిస్టరు వచ్చింది.

"ముందు ఇది" అన్నాడు మామగారు.

డైరెక్టరు ఖాళీ గడిలో తారీఖు వేసి, రాయి ఒకటి తిరిగి ముట్టినది అని రాసి, సంతకం పెట్టాడు. మామగారు చేత్తో ఆ సిరా మీద గాలి విసిరి, ఆరేదాకా పుస్తకం మూయలేదు. ఆ తర్వాత, అదే కలంతో, గుమస్తా పర్మనెంటు అయ్యాడు. భార్య ఆటో చాటుకు వెళ్ళి నవ్విందో ఏడ్చిందో ఎవరూ చూడలేదు.

ఆకాశంలో మచ్చుకైనా ఒక్క మబ్బు లేదు. అయినా కొండ మీద మంచు దట్టంగా ఉన్నందువల్ల శిఖరం తనిఖీ రద్దయినట్టు డైరెక్టరు ఫైల్లో రాసుకున్నాడు. టోలు గేటు గోడ ఎలాగూ ఎక్కడికీ పోదన్నాడు. కారు ఎక్కుతుంటే రెండు పసుపు పాదాలూ ఆయనతోపాటే ఎక్కాయి. ఆ మధ్యాహ్నం పెద్ద కార్యాలయంలో సమావేశం ఉంది. గుమస్తా చెబుదామని నోరు తెరిచాడు. సంతకం తడి ఇంకా ఆరలేదు. నోరు మూసుకున్నాడు.

ఇంటికి క్రేను లారీలోనే బయల్దేరారు, నలుగురూ ముందు సీట్లో ఇరుక్కుని. కొంతదూరం పోయాక మామగారు గొంతు సవరించుకున్నాడు. "మా లాకు దగ్గర జరిగిన సంగతి చెప్తా వినండి" అన్నాడు. నడుస్తున్న లారీలోంచి లేచి వెళ్ళడానికి లేదు. అయితే ఈసారి ఎవరూ లేవాలనుకోలేదు కూడా.

"ఆ వంపులో ఒక రాయుండేది. కాలువ కొలిచిన ఇంజనీరు రోజూ దాని మీద కూర్చునే అన్నం తినేవాడట. మా ముందు కాపలాదారు కళ్ళారా చూశాడు. అలాంటి రాయిని ఒకరోజు లారీ వేసుకొచ్చి..."

గుమస్తా ఉలిక్కిపడ్డాడు. చేయి కడుక్కోవడానికి లేచిన ప్రతి పూటా అతని చెవిన పడింది ఆ ముక్క వరకేనన్నమాట. తను కిటికీలోంచి చూస్తూ సొంతంగా కల్పించాననుకున్నది, పద్నాలుగేళ్ళుగా అన్నంతో పాటు తింటున్నదే. అతనికి సిగ్గేసింది. ముసలాయన కాళ్ళు నొక్కుకోకుండా కాస్త పక్కకు జరిగి, ఆ తర్వాత ఏమైందని అడిగాడు. మామగారు చెప్పాడు. కథ బాగానే ఉంది. కళ్ళజోడు పప్పుల డబ్బాలో ఉన్న సంగతి కూతురు ఇంటికెళ్ళాక చెప్పుకుంది. పప్పులు పురుగు పట్టాయేమో చూడమన్నాడు తప్ప ఆయన ఇంకేమీ అనలేదు.

మర్నాడు ఉదయం పర్మనెంటు గుమస్తా బల్ల మీద అతని మొదటి ఉత్తర్వు సిద్ధంగా ఉంది: శిఖరం ఫలకం వద్ద ఉంచుటకు పైన చదునుగా ఉన్న రాయి ఒకటి వెంటనే సేకరించవలెను, రిజిస్టరు రాసే మనిషి ఉన్న చోటునుంచి సేకరించరాదు.